బడ్జెట్ గేమింగ్ కంప్యూటర్‌కు ప్రాసెసర్ ఎంచుకోవడం ఎలా?

విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరైనా కంప్యూటర్ కొనడానికి వచ్చినవారు మొదట అడిగేది "ఐ5 ఉందా, ఐ7 ఉందా" అని. ఇవి ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్ల, అంటే కంప్యూటర్‌లో లెక్కలు చేసే చిప్పుల పేర్లు. ఆ అంకె ఒక్కటే చూసి కొన్న కంప్యూటర్‌లో ఆటలు తడబడితే ఆ తర్వాత చేయగలిగేది చాలా తక్కువ. అందుకే ముందుగా నా అభిప్రాయం చెబుతాను. తక్కువ డబ్బుతో గేమింగ్ కంప్యూటర్ కట్టేటప్పుడు ప్రాసెసర్ మీద అవసరమైనంతే పెట్టాలి. అక్కడ మిగిలిన ప్రతి రూపాయీ తెరపై బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లాలి. ఆ "అవసరమైనంత" ఎంతో తేల్చుకోవడానికే కింది మెట్లు. వీటిని ఇదే వరుసలో ఎక్కండి. ప్రాసెసర్‌ను ముందే ఖాయం చేసుకుని మిగతా భాగాలను దానికి సర్దుకుంటూ పోవడం వల్లే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది.

మొదటి మెట్టు: తెర, ఆటలు

ఆట నడిచేటప్పుడు ప్రాసెసర్ ఏం చేస్తుందో తెలిస్తే సగం సందేహాలు తీరిపోతాయి. శత్రువు ఎటు కదలాలి, తూటా ఎక్కడ తగిలింది, వాహనం గుద్దుకుంటే ఏమవ్వాలి, సర్వర్ నుంచి వచ్చిన సమాచారం ప్రకారం మిగతా ఆటగాళ్లు ఎక్కడున్నారు అనే లెక్కలన్నీ ప్రాసెసర్‌వి. ఆ లెక్క పూర్తిచేసి, ఈ ఫ్రేములో (తెరపై ఒక్కసారి కనిపించే బొమ్మలో) ఏమేం గీయాలో గ్రాఫిక్స్ కార్డుకు చెబుతుంది. గీసే పని కార్డుది. తెరపై సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దాదాపు 16.7 మిల్లీసెకన్ల సమయం ఉంటుంది. 144 ఫ్రేములు కావాలంటే ఆ గడువు 7 మిల్లీసెకన్ల లోపుకు పడిపోతుంది. అంటే ప్రాసెసర్‌ను తొందరపెట్టేది మీ తెర రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో చెప్పే హెర్ట్జ్ అంకె. బొమ్మ నాణ్యత, రిజల్యూషన్ పెంచినప్పుడు భారం పడేది ఎక్కువగా కార్డు మీద.

దీని నుంచి నేరుగా నిర్ణయానికి రావచ్చు. ఇంట్లో ఉన్నది 60 హెర్ట్జ్ మానిటర్, దాన్ని మార్చే ఆలోచన లేదు, ఆడేది జీటీఏ 5, ఫుట్‌బాల్, క్రికెట్ వంటివి అయితే నాలుగు కోర్ల (ఒకేసారి పనిచేసే లెక్కల విభాగాల) కొత్తతరం ప్రాసెసర్ చాలు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి పోటీ ఆటలను 144 హెర్ట్జ్ తెర మీద ఆడాలంటే మంచి ఆరు కోర్ల ప్రాసెసర్ కావాలి, ఎందుకంటే ఆ ఆటలు కార్డు కంటే ప్రాసెసర్ మీదే ఎక్కువగా ఆధారపడతాయి. సైబర్‌పంక్ 2077, రెడ్ డెడ్ రిడంప్షన్ 2 వంటి భారీ ఆటలకు ముందు కార్డు కావాలి. అయితే జనసమ్మర్దం ఉన్న వీధుల్లోకి వెళ్లినప్పుడు నాలుగు కోర్లు నిండిపోయి కుదుపులు వస్తాయి కనుక వీటికీ ఆరు కోర్లే క్షేమం.

ఇక్కడే మరో సంగతి. ఆట ఆగి ఆగి కదలడానికి పింగ్ కూడా కారణం కావచ్చు. వాలరెంట్ సర్వర్ ముంబైలో ఉంటుంది. పలాస నుంచో పాలకొండ నుంచో అక్కడికి సమాచారం వెళ్లి రావడానికి పట్టే సమయాన్ని ఏ ప్రాసెసరూ తగ్గించలేదు. పింగ్ అంకె ఎగసిపడుతుంటే ముందు వైఫై వదిలి కేబుల్ పెట్టి చూడండి. కొత్త ప్రాసెసర్ ఆలోచన ఆ తర్వాత.

రెండో మెట్టు: డబ్బు పంపకం

మొత్తం డబ్బులో ముందుగా పవర్ సప్లైకి, యూపీఎస్‌కు పక్కన పెట్టండి. ఈ రెండింటిలో ఆదా చేయడం మన జిల్లాల్లో మంచిది కాదు, కారణం తర్వాత చెబుతాను. తర్వాత గ్రాఫిక్స్ కార్డు. మొత్తంలో మూడోవంతు నుంచి నలభై శాతం దాకా దానికి ఇవ్వవచ్చు. ప్రాసెసర్‌కు ఐదోవంతు దాటనివ్వకండి.

ప్రాసెసర్ ధరను ఒంటరిగా ఎప్పుడూ చూడవద్దు. ప్రాసెసర్, మదర్‌బోర్డు (భాగాలన్నీ బిగించే పలక), మెమరీ (ర్యామ్) మూడూ కలిపి ఒక్క ధరగా లెక్కవేయండి. చవగ్గా కనిపించిన ప్రాసెసర్‌కు ఖరీదైన బోర్డు కావలసి వస్తే లాభమేమీ మిగలదు. 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా ఎగబాకాయి కాబట్టి ఈ మూడింటి మొత్తం ఒక నెలకూ మరో నెలకూ మారిపోతోంది. కొనే వారంలోనే మూడు చోట్ల అడిగి కాగితం మీద రాసుకోండి.

మూడో మెట్టు: గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడా, తర్వాతా?

ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోండి. దారి ఇక్కడే రెండుగా చీలుతుంది.

కార్డు ఇప్పుడు కొనలేరు, ఏడాది దాకా కొనే అవకాశమూ లేదనుకుంటే, లోపలే గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్ తీసుకోవాలి. ఇంటెల్‌కు పోటీ కంపెనీ ఏఎండీ వారి రైజెన్ 5 5600జీ ఈ అవసరానికి బాగా నప్పుతుంది. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరుసలు), లోపల వేగా గ్రాఫిక్స్. వాలరెంట్, జీటీఏ 5 వంటివి తక్కువ, మధ్యస్థ సెట్టింగుల్లో హాయిగా నడుస్తాయి. ఇంకాస్త పెట్టగలిగితే 2024లో వచ్చిన రైజెన్ 5 8600జీ గ్రాఫిక్స్ దీనికంటే చాలా మెరుగు, కానీ దానికి డీడీఆర్5 అనే కొత్త రకం మెమరీ, ఏఎం5 అనే కొత్త సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) ఉన్న బోర్డు కావాలి. రెండింటికీ ఒక షరతు ఉంది. మెమరీ ఒకే 16 జీబీ స్టిక్కుగా తీసుకోకండి, 8 జీబీవి రెండు పెట్టండి. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు, మీ ర్యామ్‌నే వాడుకుంటుంది. ఒక్క స్టిక్కు ఉంటే దారి సగమై ఫ్రేములు గణనీయంగా పడిపోతాయి. దుకాణంలో "తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు" అంటే ఈ ఒక్క విషయంలో వినకండి.

రెండు మూడు నెలల్లో కార్డు కొనే వీలుంటే 5600జీ కొనడం కంటే ఆగి మామూలు 5600 తీసుకోవడమే మేలు. 5600జీలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీ) 16 ఎంబీ, 5600లో 32 ఎంబీ. ఆటల్లో ఆ తేడా కనిపిస్తుంది.

కార్డు ఇప్పుడే కొంటున్నవారికి దుకాణదారు సాధారణంగా ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నదే చూపిస్తారు. ఎఫ్ అంటే లోపలి గ్రాఫిక్స్ లేనిది, కాస్త చవక. ఆటల వేగంలో తేడా లేదు. ఊళ్లో ఉన్న పరిస్థితిని బట్టి మాత్రం నేను ఇంకో మాట చెబుతాను. గ్రాఫిక్స్ కార్డు పాడైతే వారంటీ కోసం విశాఖకో, అక్కడి నుంచి మరో నగరానికో వెళ్లి రావాలి. వారాలు పట్టవచ్చు. ఎఫ్ రకం ప్రాసెసర్ ఉంటే అన్నాళ్లూ కంప్యూటర్ తెరపై ఏమీ కనబడదు. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో, రాజాంలోనో, టెక్కలిలోనో ఇంజినీరింగ్ చదివే పిల్లలకు అదే యంత్రం మీద ప్రాజెక్టులు, ఆన్‌లైన్ పరీక్షలు కూడా ఉంటాయి. అలాంటివారు తేడా మరీ ఎక్కువ కాకపోతే ఎఫ్ లేని కోర్ ఐ5-12400 తీసుకోవడం నాకు తెలివైన పనిగా కనిపిస్తుంది. దాని లోపలి గ్రాఫిక్స్ ఆటలకు పెద్దగా పనికిరాదు, కానీ చదువు ఆగదు. ఏఎండీలో 5600కు ఈ సదుపాయం లేదు, ఏఎం5 తరం 7600కు ఉంది.

నాలుగో మెట్టు: పేరు చదవడం నేర్చుకోండి

మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. కోర్ ఐ5-12400ఎఫ్ అన్న పేరులో 12 అంటే పన్నెండో తరం, 400 అంటే ఆ తరంలో దాని స్థానం. అంకెలు చెప్పకుండా "ఐ7 సార్, ఫుల్ స్పీడ్" అంటూ చూపించేది చాలాసార్లు ఐ7-2600 లాంటిది. అది 2011 నాటి రెండో తరం చిప్పు. ఐ5-3470 అయితే 2012 నాటిది, నాలుగు కోర్లు, నాలుగే థ్రెడ్లు. కంపెనీల ఆఫీసుల్లో వాడి వదిలేసిన ఇలాంటి ప్రాసెసర్లను కొత్త క్యాబినెట్‌లో, రంగు లైట్ల ఫ్యాన్లు తగిలించి గేమింగ్ కంప్యూటర్ అని అమ్ముతుంటారు. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్ వీటన్నింటినీ సునాయాసంగా దాటేస్తుంది. ఐ3 అన్న అక్షరం చూసి దాన్ని చిన్నచూపు చూడకండి.

పాత చిప్పుల వల్ల ఇంకో ఇబ్బంది కూడా ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11ను అధికారికంగా నడపాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి లేదా ఆ తర్వాతివి ఉండాలి. విండోస్ 11 మీద వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు కూడా తప్పనిసరి. అందుకే ఎవరైనా ప్రాసెసర్ పేరు చెబితే పూర్తి నంబరు అడగండి. చెప్పడానికి తటపటాయిస్తే ఆ బేరం వదిలేయండి.

ఐదో మెట్టు: పోటీలో నిలిచేవి

కోర్ ఐ3-12100ఎఫ్. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. అతి తక్కువ డబ్బుకు నిజంగా ఆటలు ఆడించే ప్రాసెసర్. 60 హెర్ట్జ్ తెరకు, మధ్యస్థ కార్డుకు సరిపోతుంది. ఆట నడుస్తుండగా రికార్డింగ్, వెనక బ్రౌజర్, మాట్లాడుకునే యాప్ అన్నీ తెరిచి ఉంచేవారికి మాత్రం ఇరుకుగా అనిపిస్తుంది. రెండింటికీ ఎల్‌జీఏ 1700 సాకెట్ బోర్డే కాబట్టి తర్వాత 12400ఎఫ్‌కు మారవచ్చు.

రైజెన్ 5 5500. ఆరు కోర్లు చవగ్గా వస్తాయి కనుక చాలామంది దీని వైపు మొగ్గుతారు. ఇందులో రెండు లోట్లు ఉన్నాయి. ఎల్3 క్యాష్ 16 ఎంబీయే. కార్డుతో మాట్లాడే దారి పాతదైన పీసీఐఈ 3.0 మాత్రమే. ఈ రెండోది ఎవరూ చెప్పరు. రేడియాన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి చవక కార్డు ఆ దారిలో నాలుగే లేన్లు (వరుసలు) వాడుతుంది, వీడియో మెమరీ కూడా 4 జీబీయే. 5500తో కలిపితే ఆ నాలుగు లేన్ల వేగం సగానికి తగ్గుతుంది, మెమరీ నిండినప్పుడల్లా ఆట తడబడుతుంది. ఎనిమిది లేన్లు వాడే ఆర్‌ఎక్స్ 6600 వంటి కార్డుతో నష్టం స్వల్పం. కాబట్టి 5500 కొంటే దానికి జతగా ఏ కార్డు పెడుతున్నారో ముందే చూసుకోండి.

రైజెన్ 5 5600. తక్కువ ఖర్చు కంప్యూటర్లలో నేను ముందుగా సూచించేది ఇదే. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, 32 ఎంబీ క్యాష్, పీసీఐఈ 4.0, గరిష్ఠ వేగం 4.4 గిగాహెర్ట్జ్. 65 వాట్ల తరగతి, పెట్టెలోనే కూలర్ వస్తుంది. చవకైన బీ450, బీ550 బోర్డుల మీద, డీడీఆర్4తో నడుస్తుంది. రేపు ఎప్పుడైనా 96 ఎంబీ క్యాష్ ఉన్న రైజెన్ 7 5700ఎక్స్3డీ మంచి ధరకు దొరికితే అదే బోర్డు మీద బిగించుకుని ఇంకొన్నేళ్లు లాగవచ్చు.

కోర్ ఐ5-12400ఎఫ్. ఆటల్లో 5600తో సమానంగా పరుగెడుతుంది. రెండింటిలో ఏదన్న ప్రశ్నకు జవాబు ఆ వారం బోర్డుతో కలిపి ఏది చవకో అదే. తేడా రెండు వేలకు మించితే ఇంకేమీ ఆలోచించకండి, చవకదాన్ని తీసుకోండి. దీనికి బోర్డు కొనేటప్పుడు అది డీడీఆర్4దా, డీడీఆర్5దా అని చూడండి. ఎల్‌జీఏ 1700లో రెండు రకాలూ ఉన్నాయి, ఒకదాని మెమరీ మరోదానికి పట్టదు.

రైజెన్ 5 7500ఎఫ్, 7600. డబ్బుకు కాస్త వెసులుబాటు ఉంటే ఇవే భవిష్యత్తు ఉన్నవి. ఏఎం5 బోర్డు 2022లో మొదలైంది, 2027 దాకా దానికి కొత్త ప్రాసెసర్లు తెస్తామని ఏఎండీ ప్రకటించింది. ఇంటెల్ ఎల్‌జీఏ 1700 పద్నాలుగో తరంతో ఆగిపోయింది, 2024 అక్టోబరులో వచ్చిన తర్వాతి తరానికి వేరే సాకెట్ పెట్టారు. అయితే ఏఎం5కు డీడీఆర్5 తప్ప మరో దారి లేదు. ప్రాసెసర్ మార్చుకుంటూ ఐదారేళ్లు అదే బోర్డు వాడతామనుకునేవారు దీనికి వెళ్లవచ్చు. ఆ సొమ్ము కోసం గ్రాఫిక్స్ కార్డును ఒక మెట్టు కిందికి దించవలసి వస్తే మాత్రం వద్దు.

పదమూడు, పద్నాలుగో తరాల ఇంటెల్ ప్రాసెసర్లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తున్నాయి. వాటిలో అధిక వోల్టేజీ వల్ల కొన్ని చిప్పులు క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్ స్వయంగా ఒప్పుకుంది. మైక్రోకోడ్ (చిప్పును లోపలి నుంచి నడిపే ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చింది, వారంటీ కూడా పొడిగించింది. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్పును ఆ సవరణ బాగుచేయదు. ముందు యజమాని ఎలా వాడాడో తెలియని ఐ7, ఐ9లను ఈ తరాల్లో ముట్టుకోవద్దు. పన్నెండో తరానికి ఈ సమస్య లేదు.

ఆరో మెట్టు: బోర్డు, మెమరీ

12400ఎఫ్‌కు హెచ్610 బోర్డు సరిపోతుంది. 5600కు బీ550 మంచిది. ఏ520, బీ450 కూడా నడుపుతాయి గానీ పీసీఐఈ 4.0 ఇవ్వవు. ఏఎం4లో (5600 వంటివి కూర్చునే సాకెట్) పాత స్టాకు బోర్డు అయితే బయోస్ (బోర్డును మేల్కొలిపే ప్రోగ్రామ్) పాతదై ఉండవచ్చు. కొత్త ప్రాసెసర్ పెట్టినా తెర వెలగదు. డబ్బు ఇచ్చే ముందు దుకాణంలోనే బయోస్ నవీకరించి, తెర వెలిగించి చూపించమనండి. ఇంటికి తీసుకెళ్లాక తెలిస్తే మళ్లీ బస్సెక్కాలి.

డీడీఆర్4 మెమరీ అయితే 3200 వేగం ఉన్నవి రెండు స్టిక్కులు తీసుకోండి. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (మెమరీని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయకపోతే అది 2400, 2666 వంటి తక్కువ వేగంతోనే నడిచిపోతుంటుంది. దుకాణాల్లో ఈ చిన్నపని తరచూ మరిచిపోతారు.

ఏడో మెట్టు: మన ఎండ, మన కరెంటు

విదేశీ సమీక్షల్లో చూపించే ఉష్ణోగ్రతలు ఏసీ గదుల్లోవి. మే నెలలో ఏసీ లేని మన గదుల్లో గాలి వేడి ఎంత పెరిగితే ప్రాసెసర్ వేడీ దాదాపు అంతే పెరుగుతుంది. అందుకే నేను 65 వాట్ల తరగతి దాటవద్దంటాను. 5600, 12400ఎఫ్‌లు పెట్టెలో వచ్చిన కూలర్‌తోనే వేసవి గట్టెక్కుతాయి. కె అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లతో కూలర్ రాదు, విడిగా మంచి కూలర్ కొనాలి. ఆ ఖర్చు కార్డు డబ్బును తినేస్తుంది. కళింగపట్నం, బారువ, భీమిలి వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఉప్పు తేమ లోహాన్ని పట్టేస్తుంది. కంప్యూటర్‌ను కిటికీ పక్కన పెట్టకండి, నెలకోసారి దుమ్ము దులపండి.

ఇక కరెంటు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అంతటి విపత్తు లేకపోయినా గాలివానకు కరెంటు పోవడం, వచ్చేటప్పుడు వోల్టేజీ ఎగరడం మనకు తెలిసినవే. 5600తో ఆర్‌ఎక్స్ 6600 కలిపితే ఆట మధ్యలో ప్రాసెసర్, కార్డు రెండూ కలిపి 210 వాట్ల దగ్గర తీసుకుంటాయి. మానిటర్, మిగతావి కలిపినా 600 వీఏ యూపీఎస్ ఇచ్చే 360 వాట్లలో ఇమిడిపోతుంది. ఆట ఆపి, యంత్రాన్ని పద్ధతిగా మూసే వ్యవధి దొరుకుతుంది. భారీ ప్రాసెసర్ పెడితే ఈ లెక్క తప్పి, యూపీఎస్ కూడా పెద్దది కొనాలి.

ఎనిమిదో మెట్టు: కొనడం, తెచ్చుకోవడం

విజయనగరం నుంచి విశాఖ 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి 110 దాకా. ద్వారకానగర్ దుకాణాల్లో రకాలు ఎక్కువ, ధర కూడా కొంత తగ్గుతుంది. వెళ్లి రావడానికయ్యే ఖర్చు, మళ్లీ వారంటీకి వెళ్లవలసిన శ్రమ కలిపి చూసుకోండి. తేడా కొద్దిగానే ఉంటే ఊళ్లో తెలిసిన దుకాణంలోనే కొనమంటాను. రేపు ఏదైనా వస్తే సాయంత్రం వెళ్లి నిలబడి అడగగలుగుతారు.

ఎక్కడ కొన్నా సీలున్న పెట్టె అడగండి. పెట్టెతో వచ్చే ప్రాసెసర్లకు తయారీదారు వారంటీ మూడేళ్లు. పెట్టె లేకుండా విడిగా అమ్మేదాన్ని ట్రే ప్రాసెసర్ అంటారు. దానికి అమ్మినవారు ఇచ్చే వారంటీయే దిక్కు, కూలర్ కూడా రాదు. జీఎస్టీ బిల్లు మీద ప్రాసెసర్ పూర్తి నంబరు, సీరియల్ నంబరు రాయించుకోండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పార్సిల్ తెరిచేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయండి.

ఏఎం4 ప్రాసెసర్లకు పిన్నులు చిప్పు అడుగునే ఉంటాయి, వంగితే నిఠారు చేయడం కష్టం. కూలర్ తీసేటప్పుడు నేరుగా పైకి లాగితే రెండింటి మధ్య రాసిన పేస్టుకు అతుక్కుని ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది. ముందు కంప్యూటర్‌ను కాసేపు నడిపి వేడెక్కనిచ్చి, ఆపి ప్లగ్గు తీశాక, కూలర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పి తీయాలి. ఇంటెల్‌లో పిన్నులు బోర్డు మీద ఉంటాయి కనుక బోర్డు కొనేటప్పుడు సాకెట్ మూత తెరిపించి చూడండి. కట్టిన కంప్యూటర్‌ను ఆర్టీసీ బస్సులో తెచ్చుకునేవారు గ్రాఫిక్స్ కార్డును విప్పి దాని పెట్టెలో విడిగా పట్టుకోండి. కుదుపులకు స్లాటు విరుగుతుంది.

తొమ్మిదో మెట్టు: ఇంటికి వచ్చాక

సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి ప్రాసెసర్ పేరు బిల్లుతో సరిపోల్చండి. అందులోనే మెమరీ డ్యుయల్ ఛానల్‌లో (రెండు స్టిక్కులూ కలిసి పనిచేసే పద్ధతిలో) ఉందో లేదో తెలుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో డీడీఆర్4 మెమరీ వేగం 3200 చూపకపోతే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి. 144 హెర్ట్జ్ తెర కొన్నవారు విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో ఆ అంకెను ఎంచుకోవాలి. లేకుంటే అది 60లోనే ఉండిపోవచ్చు. తర్వాత ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే సినీబెంచ్‌ను పది నిమిషాలు నడిపి, వేడిని చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో ప్రోగ్రామ్‌లో వేడి చూడండి. 85 డిగ్రీల లోపు నిలిస్తే దిగులు లేదు. 90 దాకా వెళ్లి అక్కడే ఉంటుంటే కూలర్ సరిగా కూర్చోకపోయి ఉండవచ్చు, విప్పి మళ్లీ పేస్టు రాయించండి.

ఆఖరుగా, మీరు ఎక్కువగా ఆడే ఆటలో ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్ పెట్టి కార్డు వినియోగం చూడండి. ఫ్రేములకు పరిమితి పెట్టకుండా ఆడుతున్నప్పుడు కార్డు 95 శాతం పైన ఉంటే ప్రాసెసర్ తన పని తాను చేస్తోంది. కొన్నాళ్లకు కొత్త ఆటల్లో ఆ అంకె 70, 60కి పడిపోయి, ఫ్రేములు మీకు చాలకపోతే, ప్రాసెసర్ మార్చే వేళ వచ్చిందని అర్థం. అప్పటిదాకా దాని జోలికి వెళ్లనవసరం లేదు.